కథల సారు ఇంటి పాప

సంతాపసభలో చెడ్డవాడు ఇంతవరకూ పుట్టలేదు. పైగా ఇది కథల సారు సభ. కాలేజీలో పాత సెమినార్ హాలు కిక్కిరిసిపోయింది. బతికున్నప్పుడు ఆయన క్లాసులకీ అంతే. సైకాలజీ తీసుకోని పిల్లలు సైతం వచ్చి వెనక బెంచీల్లో దూరేవారు.

ముందు వరసలో ఆయన భార్య, పక్కన కూతురు. కూతురికి కళ్ళజోళ్ళ షాపు ఉంది. అద్దాలు అరగదీసి ఫ్రేముల్లో బిగించే పని తనే చేసుకుంటుంది. మాట తక్కువ మనిషి.

"రెండు మంచి మాటలు చెప్పవే. కన్నకూతురివి, చెప్పకపోతే బావుండదు," అంది తల్లి.

"చూద్దాంలే అమ్మా."

పొద్దున్నుంచీ ఆమె చూస్తూనే ఉంది. నాన్న తనకంటూ చేసిన మంచి పని ఒక్కటి, ఒకే ఒక్కటి గుర్తొస్తే చాలు, మైకు దగ్గరికి వెళ్ళి చెప్పి వచ్చేస్తుంది. అబద్ధమాడటం ఇష్టం లేదు. నిజమేమో ఎంత వెతికినా చేతికి తగలడం లేదు.

ఆయన మంచివాడు కాదని కాదు. ఊరందరికీ మంచివాడే. చిన్నప్పుడు నత్తి ఉండేదట, నలుగురిలో నోరు తెరిస్తే నవ్వేవారట. కథ చెబితే మాత్రం నత్తి రాదని తనే కనిపెట్టుకున్నాడు, ఇక జన్మంతా కథలే చెప్పాడు. భయమంటే ఏమిటో, సిగ్గంటే ఏమిటో పుస్తకం తెరవకుండా చెప్పేవాడు. "ఒక పాప ఉండేది" అంటూ సుద్దముక్క జేబులో వేసుకున్నాడంటే క్లాసంతా చెవులు రిక్కించేది. మెట్ల కింద ఇరుకు గదిలో కూర్చుని, ఎవరొచ్చి గోడు చెప్పుకున్నా వినేవాడు. నెల తిరిగాక ఎదురుపడితే "మీ అమ్మ మోకాలు ఎలా ఉంది?" అని మరిచిపోకుండా అడిగేవాడు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఈయన రచ్చ గెలిచి, ఇంటికి భోజనానికి వచ్చేవాడు.

ఊరి గుట్టంతా కడుపులో దాచుకున్న మనిషి ఇంటి గుట్టు మాత్రం దాచలేకపోయాడు. ఆ కథల్లో పాప అంటే ఇంకెవరు, ఆయన కూతురే. పక్క తడిపిన పాప, చీకటికి జడిసిన పాప, అమ్మమ్మ పోతే ఏడుపు రాని పాప, అన్నీ ఆమే. పేరు చెప్పలేదు కదా అని ఆయన ధీమా. కాలేజీకీ ఇంటికీ మధ్య రెండు వీధులే, ఇంకా పేరెందుకు? "మీ నాన్న దగ్గర తుమ్మకే, సిలబస్‌లో చేరిపోతుంది," అనేది తల్లి. తల్లికి నవ్వొచ్చేది. కూతురికి వచ్చేది కాదు.

తొమ్మిదో తరగతిలో ఉండగా ఆమె ఫ్యాన్సీ షాపులో జడపిన్నులు దొంగిలించింది. అవసరమై కాదు, ఇంట్లో డబ్బా నిండా ఉన్నాయి. చెయ్యి ఊరుకోలేదు, అంతే. ఆ తర్వాత అన్నం సహించలేదు. చివరికి ఆదివారం తండ్రి పక్కన కూర్చుని చెప్పేసింది. "ఎవరికీ చెప్పొద్దు నాన్నా," అంది. చెప్పనన్నాడు. వారం తిరక్కుండా బడిలో ఆమె పేరు "పిన్ను" అయింది. ఆయన క్లాసులో ఎవరి అక్కో ఉంది మరి. చదువు అయ్యేదాకా ఆ పేరు వదల్లేదు. ఆమె మళ్ళీ తండ్రికి ఏదీ చెప్పుకోలేదు. పెళ్ళి చేసుకోవాలనుకున్న మనిషి సంగతి కూడా తల్లి చేతే చెప్పించింది. లోకమంతటి మనసులూ చదివిన మహానుభావుడు కూతురు మాట్లాడటం మానేసిందని గమనించనే లేదు. దాన్ని ఆమె ఇప్పటికీ క్షమించలేదు.

మైకు దగ్గరికి ఒకావిడ వచ్చింది. ఒకప్పుడు సారు దగ్గర చదువుకున్నాననీ, ఇప్పుడు ఒక బడికి హెడ్‌మిస్ట్రెస్‌ననీ చెప్పుకుంది.

"కాలేజీలో చేరిన కొత్తలో హాస్టల్లో పక్కమ్మాయి వాచీ తీశాను. ఎవరికీ తెలీదు. ఒక సోమవారం పొద్దున సారు వస్తూనే, ఒక పాప ఉండేది అన్నారు. షాపులో పిన్నులు తీసిందట. నిన్ననే వాళ్ళ నాన్నతో చెప్పుకుందట. ఆ నాన్న తిట్టలేదు. ఇవాళ పొద్దున్నే చెయ్యి పట్టుకుని షాపుకి తీసుకెళ్ళాడట. షాపాయన కేకలేస్తుంటే పాపకి అడ్డంగా తను నిలబడి, నా కూతురండీ, ఏమన్నా అనాలంటే నన్ననండి అన్నాడట. నేను అక్కడే ఏడ్చేశాను. ఆ సాయంత్రమే వాచీ ఇచ్చేశాను. ఇవాళ మీ ముందు ఇలా నిలబడ్డానంటే ఆ కథ వల్లే."

చాలామంది కళ్ళు తుడుచుకున్నారు. తల్లి కూడా తుడుచుకుంది. కూతురికి మాత్రం ఒళ్ళు మండిపోయింది. క్లాసులో తన సంగతి చెప్పాడని తెలుసు. దాని చివర ఇలా చెప్పాడని తెలియదు. పొద్దున్నుంచీ తను వెతుకుతున్న మంచి పని ఇదిగో, ఇక్కడ దొరికింది, పరాయివాళ్ళ నోట్లో.

"వెళ్ళవే," అంది తల్లి. ఆమె లేచి వెళ్ళింది.

"ఆ పాపని నేనే," అంది.

హాలంతా చప్పట్లు. హెడ్‌మిస్ట్రెస్ పరుగున వచ్చినంత పని చేసి ఆమె రెండు చేతులూ పట్టుకుంది. "అదృష్టవంతురాలివి తల్లీ. అలాంటి నాన్న ఎంతమందికి దొరుకుతాడు."

"సోమవారం పొద్దున షాపుకి నేనొక్కదాన్నే వెళ్ళానండీ. భయమేస్తోంది, తోడు రమ్మని అడిగాను. రాలేదు. షాపాయన అందరి ముందూ నా పుస్తకాల సంచీ కింద గుమ్మరించి వెతికాడు."

చప్పట్లు ఆగిపోయాయి. హెడ్‌మిస్ట్రెస్ చేతులు వదల్లేదు.

"మరి అప్పుడు సారు ఎక్కడున్నారమ్మా?"

"మీకు ఆ కథ చెబుతున్నారు."