బాపు రాసిన తనిఖీ

పోలీసు చర్య జరిగిన మరుసటి ఏడు నాకు పన్నెండేళ్లు. మా బాపు సికింద్రాబాదు మునిసిపాలిటీలో ఇన్‌స్పెక్టరు. అనాథ పిల్లల ఆశ్రమాలు, వీధి బడులు ఎలా నడుస్తున్నాయో చూసి పైవాళ్లకు రాయడం ఆయన పని. అంతకుముందు ఆ రాతలన్నీ ఉర్దూలో సాగేవి. సర్కారు మారాక ఇంగ్లీషులో రాయమన్నారు. బాపు ఉర్దూ రాస్తే చూడముచ్చటగా ఉండేది. ఇంగ్లీషు మాత్రం అక్షరం అక్షరం కూడబలుక్కుని రాసేవాడు. నేను మిషన్ బడిలో చదివేదాన్ని, చేతిరాత కుదురుగా ఉండేది. అందుకని ఆయన చిత్తుగా రాసినవన్నీ ఆదివారం పొద్దున నేను తిరగరాసి ఇచ్చేదాన్ని. "నా బిడ్డే నాకు మున్షీ" అని వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ మాట వినడానికే నేను ఇంకాస్త గుండ్రంగా రాసేదాన్ని.

ఒక రోజు కార్ఖానా వైపున్న ఆడపిల్లల ఆశ్రమానికి వెళ్తూ నన్ను కూడా రమ్మన్నాడు.

"ఆ పిల్లలు నాతోని మాట్లాడరు. మొగోన్ని, సర్కారోన్ని. నువ్వైతే కలిసిపోతవ్. ఎట్లున్నరో జెర అడుగు."

ఆయన మేట్రనమ్మ గదిలో కూర్చుని రిజిస్టర్లు చూస్తుంటే నేను వెనక వరండాలోకి వెళ్లాను. పదిమంది దాకా పిల్లలు దిండు గలేబుల మీద పూలు కుడుతున్నారు. కంటోన్మెంటులోని దొరల ఇళ్ల నుంచి వచ్చిన పని అది. అందరిలోకీ ఒక పిల్ల చెయ్యి తొందరగా కదులుతోంది. నా ఈడుదే. వాళ్ల నాన్న జిల్లాల్లో ఏదో ఊళ్లో దర్జీ. పోలీసు చర్య నాటి గొడవల్లో ఆయన చనిపోతే, తల్లి ఈ పిల్లను తీసుకుని సికింద్రాబాదు చేరింది. ఇక్కడ జ్వరమొచ్చి ఆ తల్లి కూడా పోయింది. ఇదంతా ఆ పిల్ల సూది ఆపకుండానే, మా ఇంట్లో మాట్లాడే తెలుగులోనే చెప్పింది. తరువాత గొంతు తగ్గించింది.

"మీ బాపు సర్కారు మనిషేనా?"

"అవ్."

"మా చిచ్చా నన్ను దేవులాడుకుంట రెండుసార్లు వచ్చిండు. నేను కిటికీలకెల్లి చూసిన. గసొంటి పిల్ల ఈడ లేదని గేటు కాడికెల్లే పంపిచ్చిన్రు. నేను మొత్తుకున్న, ఆయనకు ఇనవడలే."

చిచ్చా అంటే బాబాయి.

"ఎందుకు పంపలే?"

"నాకు కుట్టుడు వస్తది గద. నేను పోతే పని ఆగుతది." సూది అప్పుడు ఆగింది. "మీ బాపుకు చెప్తవా?"

చెప్తానని ఆమె చేతిలో చెయ్యి వేశాను.

తిరిగి వస్తూ రిక్షాలో అంతా చెప్పాను. బాపు నా తల నిమిరి, "మంచి పని చేసినవ్ బిడ్డా. గిది సుత రాయకుంటే నేనెందుకు, నా నౌకరి ఎందుకు?" అన్నాడు. ఆ రోజంతా నా కాళ్లు నేల మీద నిలవలేదు.

ఆదివారం ఎప్పటిలాగే చిత్తు కాగితం నా ముందు పెట్టాడు. పిల్లలు సంతోషంగా ఉన్నారు, తిండి బాగుంది, కుట్టుపని నేర్పుతున్నారు అని రాసుకుంటూ పోయాను. చివరి వాక్యం దగ్గర కలం ఆగిపోయింది. ఈ ఆశ్రమంలోని ఏ పిల్లకూ బంధువులు లేరు అని ఉంది.

"బాపూ, ఆమెకు చిచ్చా ఉన్నడు గద."

"రాయి."

"నువ్వు రాస్తనన్నవ్."

ఆయన లేచి వెళ్లి తలుపు దగ్గరగా వేసి వచ్చాడు. కోప్పడతాడనుకున్నాను. కోప్పడలేదు. నా పక్కనే నేల మీద కూర్చున్నాడు.

"ఆ ఆశ్రమం కమిటీల పెద్దమనిషి కొత్త ఆఫీసర్లతోని కూసుండి చాయ్ తాగుతడు. పాత సర్కారు నౌకర్ల కాగితాలన్నీ బయటికి తీస్తున్నరు బిడ్డా. ఎవర్ని ఉంచాలె, ఎవర్ని ఇంటికి పంపాలె అని చూస్తున్నరు. గిట్ల రాస్తే రేపటికి నేనుండ. జెర సమజ్ చేస్కో."

ఆయన నన్ను బతిమాలుతున్నాడు. అంతకుముందు ఎన్నడూ అలా చూడలేదు. నాకు భయమేసింది. ఎప్పటిలాగే గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా రాసిచ్చాను. కింద ఆయన సంతకం చేశాడు.

నెల తిరక్కముందే ఆ చిచ్చా మా గుమ్మంలోకి వచ్చాడు. బాపు ఆఫీసులో ఉన్నాడు. చిచ్చా మునిసిపాలిటీలో అర్జీ పెట్టుకుంటే అక్కడి గుమస్తా రిపోర్టు చదివి వినిపించాడట, ఎవరో ఇల్లు చూపించారట. అమ్మ ఇచ్చిన నీళ్లు తాగి, చెంబు పట్టుకునే మాట్లాడాడు.

"సారు తప్పు రాసిండని నేను అంటలేనమ్మా. ఎవరో సారుకు తప్పు చెప్పిన్రు. ఒక్కసారి సారు నాతోని వస్తే చాలు. పిల్ల నన్ను గుర్తువడతది."

నేను వంటింట్లోకి వెళ్లి ఏడుస్తూ అమ్మకు అంతా చెప్పేశాను. అమ్మ ఒకటే అడిగింది. "నువ్వే రాసినవా?" అవునన్నాను. కొంగు నడుముకు చెక్కుకుని ఆమె బయటికి నడిచింది. "నడువన్నా, నేనొస్తా" అంది ఆయనతో. నేనూ వెంటపడ్డాను.

ఆశ్రమంలో మేట్రనమ్మ మమ్మల్ని కూర్చోమని కూడా అనలేదు. ఆ పిల్లను నేరేడ్‌మెట్‌లో ఒక మిలిటరీ ఆఫీసరు ఇంటికి పనికి పంపించామని, వాళ్లకు పూనా బదిలీ అయి వెళ్లిపోయారని చెప్పింది.

"సారుకు ఎర్క లేకుండ పంపలే. ఆయన దస్కతు సుత ఉంది చూడుండ్రి."

అమ్మకు ఇంగ్లీషు రాదు. మేట్రనమ్మ చూపించిన సంతకం కాగితాన్ని నా చేతికి ఇచ్చింది. ఈ పిల్లకు ఎవరూ లేరు కనుక మంచి కుటుంబంలో ఉంచడానికి అభ్యంతరం లేదు అని నాలుగు ముక్కలు. నా రాత కాదు. అక్షరం అక్షరం కూడబలుక్కుని బాపే స్వయంగా రాశాడు. రిక్షాలో నా తల నిమిరిన మర్నాటి తారీఖు వేసి ఉంది. అంటే నేను చెప్పిన మాటను ఆయన తెల్లారేసరికే మేట్రనమ్మకు చేరవేశాడు. ఆదివారం నా పక్కన కూర్చుని బతిమాలేటప్పటికే చిచ్చాకు దొరకకుండా ఆ పిల్లను దూరంగా పంపేయడానికి ఒప్పుకుని ఉన్నాడు.

అమ్మ ఆ సాయంత్రం బాపును ఏమందో నాకు తెలియదు. నన్ను పక్కింట్లో కూర్చోబెట్టింది. ఆ తరువాత చాలా రోజులు ఆయనకు కంచంలో వడ్డించి అవతలికి వెళ్లిపోయేది. నేను తిరగరాయడం మానేశాను. ఆయన కూడా అడగలేదు.

చిచ్చా పూనా వెళ్లాడు. ఏడాదికి పైగా పట్టింది కానీ పిల్లను వెతికి పట్టుకున్నాడు. ఊరికి తీసుకుపోతూ, ఆ రోజు తోడు వచ్చిన అమ్మకు చూపించి వెళ్దామని మా ఇంటికి తీసుకొచ్చాడు. అమ్మ సంబరపడి చాయ్ పెట్టడానికి లోపలికి వెళ్లింది. చిచ్చా అరుగు మీద కూర్చున్నాడు. ముందు గదిలో బాపు కుర్చీలో పేపరు చదువుకుంటున్నాడు. ఆ పిల్ల సన్నబడింది. మోచేతి దగ్గర కాలిన మచ్చ ఉంది. నన్ను చూసి నవ్వలేదు.

"నేను చెప్పింది మీ బాపుకు చెప్పలేదా?"

బాపు అక్కడే, నాలుగడుగుల దూరంలో ఉన్నాడు. పేపరు వెనక నుంచి ఆయన ఏమైనా అంటాడని చూశాను. చెప్పింది బిడ్డా, నేనే వినలేదు అని ఒక్క మాట అంటే చాలు. పేపరు కదల్లేదు.

"మర్చిపోయిన" అన్నాను.

ఆమె తల ఊపింది, అంతే. చాయ్ తాగి ఇద్దరూ రైలుకు వెళ్లిపోయారు. నేను మళ్లీ ఆమెను చూడలేదు.

బాపు నౌకరి పోలేదు. పై హోదా కూడా వచ్చింది. పెద్దయ్యాక నేను ఆయనకు చేయాల్సినవన్నీ చేశాను, మందులు ఇచ్చాను, ఆఖరి రోజుల్లో కాళ్లు ఒత్తాను. మర్చిపోయానని ఆ రోజు నేనెందుకు అన్నానో ఆయన ఎప్పుడూ అడగలేదు. ఒక్కసారి అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.