ఫోనుకు విడిచిన చెప్పులు

ఊరంతా ‘అన్న’ అని పిలిచే నాయకుడి నుంచి ఫోను వస్తే మా చిన్నాయన చెప్పులు విడిచి నిలబడేవాడు. బత్తలపల్లి టీ కొట్టు ముందు, మధ్యాహ్నం కాలే తారు మీదైనా అంతే.

“ఫోన్లో కాళ్లు కనపడతాయా చిన్నాయనా?” అని నవ్వితే, “కనపడకుంటే ఏమబ్బా, అన్న అన్నే” అనేవాడు.

అన్న వద్దని కబురు పెట్టినా వినకుండా మా మేనత్త, చిన్నాయన సొంత చెల్లెలు, సర్పంచికి నామినేషన్ వేసింది. ఆ సాయంత్రం ఆయనకు ఫోను వచ్చింది. వట్టికాళ్లతో నిలబడి మూడుసార్లు “సరేన్నా” అన్నాడు. ఎందుకని ఒక్కసారీ అడగలేదు.

తెల్లారేసరికి అత్త తోటలో కాపు మీదున్న చీనీ చెట్లన్నీ బత్తాయిలతో సహా నరికి పడున్నాయి. వాటికి అంట్లు తెచ్చి నాటింది చిన్నాయనే. అందరికంటే ముందొచ్చి ఓదార్చిందీ ఆయనే.

“ఆడోళ్లకు ఎందుకమ్మా ఈ రాజకీయాలు” అంటూ చెల్లెలి తల నిమిరాడు. నేను ఆయన అరచేతినే చూస్తున్నాను. నిన్న లేని బొబ్బలు.

ఆయన నన్ను పక్కకు పిలిచాడు. “ఏం చూస్తాండావు? పోలీసులొచ్చి అడిగితే నాకేం తెల్దని చెప్పల్ల.”

“సరే చిన్నాయనా” అన్నాను.

తల వంచుకుంటే కనిపించింది. నా చెప్పులు పక్కన విడిచి ఉన్నాయి.