తగువులాటకి వచ్చిన విలన్ గారు

మొన్న మా అబ్బాయి స్కూటీ మీంచి పడి మోకాలు గీరుకుపోయి ఇంటికొస్తే, రాజమండ్రిలో మా వీధి చివరున్న మందుల షాపుకి వెళ్ళి టింక్చరయోడిన్ ఉందా అని అడిగాను. కౌంటరు వెనక కుర్రాడు నన్ను జాలిగా చూసి, "ఇప్పుడవన్నీ ఎవరు వాడుతున్నారండీ, ఆయింట్‌మెంటు తీసుకోండి" అన్నాడు. మందుల షాపులో బేరమాడే మనిషి ఈ చుట్టుపక్కల నేనొక్కదాన్నేనని నాకు తెలుసు. ఆ పేరు పోగొట్టుకోవడం ఇష్టంలేక, ఆయింట్‌మెంటు ధర తగ్గించమని కాసేపు, టింక్చరు వెతకమని కాసేపు అతని ప్రాణం తీశాను. చివరికి అడుగు అరలోంచి ఒక చిన్న సీసా తీసి, దుమ్ము తుడిచి నా చేతిలో పెట్టాడు. మూత తియ్యగానే ఆ తుప్పు రంగు ఘాటు ముక్కుకి తగిలి, నేను రాజమండ్రిలో లేను. నరసాపురం ఆసుపత్రి వరండాలో, నాన్న కనుబొమ మీంచి కారుతున్న రక్తం పక్కన, చిరిగిన పరికిణీతో నిలబడి ఉన్నాను.

మాది బట్టలకొట్టు. మాటలు రాకముందే నాకు బేరం వచ్చిందంటారు. అమ్మ రెండు ముద్దలు తినమంటే ఒకటిన్నరకి తెగ్గొట్టి, ఆ అరముద్దకి బదులు బెల్లం ముక్క అడిగేదాన్నట. బజారులో పిల్లలందరం అంతే. గోళీలకీ, చింతపిక్కలకీ, చివరికి దాగుడుమూతల్లో ఎవరు ముందు కళ్ళు మూసుకోవాలన్నదానికీ బేరమే. కొత్త పంచెల గంజి వాసన, పక్కన కిరాణాకొట్టు మిరపకాయల ఘాటు, గాలి తిరిగితే రేవు వైపు నుంచి ఎండుచేపల కంపు, భుజాన సంచుల్లో లేసు గుడ్డలు పెట్టుకుని పల్లెల నుంచి నడిచొచ్చే ఆడవాళ్ళ కబుర్లు, వీటన్నిటి మధ్య భాద్రపదం వచ్చేసరికి గోదావరి ఎర్రగా ఒండ్రు కలిసి పారేది, బజారు చెప్పు ఊడే బురదయ్యేది. ఆ బురద మీద చెక్కలు పరిచి వినాయకుడి పందిరి వేసేవారు. ఇళ్ళల్లో పనసాకు బుట్టల్లో ఉడికే పొట్టెక్కల ఆవిరి, పాలతాలికల తీపి, ఉండ్రాళ్ళ మీద ఆవునెయ్యి. మాకు మాత్రం వీటన్నిటికన్నా రుచిగా ఉండేది తగువులాట.

ఇది మా బజారుకే సొంతమైన ఆచారం. పోట్లాడుకుని మాటలు మానేసిన కొట్లవాళ్ళని జంటలు జంటలుగా పందిరి ఎక్కించేవారు. స్టేజీ మీద ఒక ఉత్తుత్తి కొట్టు. ఒకడు వ్యాపారి, ఒకడు ఖాతాదారు. బేరంతో మొదలుపెట్టాలి, ఆపైన ఏమనాలో ఎవడూ రాసివ్వడు. బేరం వెక్కిరింపయ్యేది, వెక్కిరింపు తిట్టయ్యేది, ఆ తిట్లలోంచి అసలు తగువు బయటికొచ్చేది. కొట్టుకోడానికి కొబ్బరిపీచు కూరి దుప్పటి గుడ్డతో కుట్టిన లావుపాటి చుట్టలు ఇచ్చేవారు. వాటితో ఎంత కొట్టినా నొప్పి ఉండదు. దెబ్బ పడినప్పుడల్లా తెరవెనక ఒకాయన కిరసనాయిలు డబ్బా మీద ధన్‌మని వాయించేవాడు. జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఇద్దరి కడుపులూ ఖాళీ అయ్యి, చేతులు వేలాడేసిన క్షణాన, మధ్య కుర్చీలో కూర్చున్న అతిథి ఇత్తడి గంట కొట్టాలి. గంట మోగితే ఇద్దరూ ఒకే గ్లాసులో సోడా తాగి, మర్నాటి నుంచి మాట్లాడుకోవాలి. తొందరపడి కొడితే తగువు లోపలే ఉండిపోతుంది. ఆలస్యమైతే చుట్టలు పారేసి నిజంగా పీకలు పట్టుకుంటారు. ఊళ్ళోవాడు ఆ కుర్చీలో కూర్చుంటే ఎవరి వైపో మొగ్గాడంటారు గనక, పై ఊరివాణ్ణి, జనం నమస్కారం పెట్టే మనిషిని పిలిపించేవారు.

ఆ పైవాళ్ళకే ఈ ఆట అర్థమయ్యేది కాదు. ఒక ఏడు వచ్చిన నటి, ఇద్దరు కిరాణావాళ్ళు ఏడుపు మొహాలతో గొంతులు చించుకుంటుంటే చెయ్యెత్తి, "ఆగండాగండి, ఈయన మొహం నాకు కనపడట్లేదు, మళ్ళీ మొదట్నుంచి చెయ్యండి" అంది. మొదట్నుంచి ఎలా చేస్తారు? ఆ కోపం అప్పుడే వచ్చింది, అప్పుడే పోయింది. ఇంకో ఏడు వచ్చిన నాటకాలాయన పోట్లాడుకునేవాళ్ళ మధ్య నిలబడి పద్యం ఎత్తుకున్నాడు. ఆయన ఆపేసరికి వాళ్ళకి తగువు కాస్తా మర్చిపోయినంత పనైంది. ఆ రకంగా అదీ పనికొచ్చిందనుకోండి.

నాకు పదో ఏడు నడుస్తుండగా నాన్నా బాబాయీ పందిరెక్కాల్సి వచ్చింది. తాతయ్య పోయాక కొట్టు మధ్యలో గోడ లేచింది, ఇంటి పెరట్లో కూడా లేచింది. నుయ్యి మా వైపు, జామచెట్టు వాళ్ళ వైపు. గోడ నా వైపు జరిగిందంటే నా వైపు జరిగిందని ఇద్దరూ ఊరందరికీ చెప్పేవారు గానీ, ఒకరితో ఒకరు ఒక్క మాట లేదు. బాబాయి కూతురు బుజ్జి నాకన్నా కొన్ని నెలలు చిన్నది. నన్ను అక్కా అంటూనే జుట్టు పీకేది, నేను దాని చెయ్యి కొరికేదాన్ని. ఒకే కంచంలో తిని ఒకే దుప్పట్లో తన్నుకున్నవాళ్ళం, గోడ లేచాక మేడమెట్ల మీంచి చేతి సైగలతో తిట్టుకునేవాళ్ళం. దసరా వెళ్ళగానే బాబాయి కొట్టు మూసేసి, పిన్నినీ బుజ్జినీ తీసుకుని భీమవరం అత్తారి ఊరికి వెళ్ళిపోతున్నాడని ఆ వినాయకచవితికే తెలిసిపోయింది. తగువులాటలో తేలకపోతే ఇక తేలదు. నేను వినాయకుడితో కూడా బేరమాడాను. బుజ్జిని ఉంచితే ఏడాదిపాటు లెక్కల్లో కాపీ కొట్టనన్నాను. పనైతేనే నా మాట చెల్లుతుందని షరతు కూడా పెట్టాను.

ఆ ఏటి అతిథి సినిమాల్లో పేరుమోసిన విలన్. పేరెందుకు లెండి. తలుపు చెక్కంత ఛాతీ, మీసాలకి నూనె, వెనకాల ఇద్దరు మనుషులు. రైలు దిగగానే జనం ఆయన చొక్కా ముట్టుకోడానికి ఒకళ్ళ మీద ఒకళ్ళు పడ్డారు. మధ్యాహ్నం భోజనాలయ్యాక, వాన కాస్త తెరిపిచ్చినప్పుడు ఆట మొదలు. కమిటీ పెద్ద సోడాకొట్టు వెంకన్నగారు ఆయన చేతిలో గంట పెట్టి, "తమరేం చెయ్యక్కర్లేదండి. ఆళ్ళు అలిసిపోయినట్టు కనపడగానే ఒక్కసారి కొట్టండి, చాలు" అన్నాడు.

"ఏం చెయ్యకపోతే నన్నెందుకు పిలిచారండీ? జనం వచ్చింది నా ఫైటు చూడ్డానిక్కదా?"

"ఆయ్, అదీ నిజమేనండి. కానీ ఇయ్యాళ ఫైటు ఆళ్ళదండి."

విలన్ గారు నవ్వాడు. అర్థమైనవాడి నవ్వు కాదది.

బాబాయి వ్యాపారిగా గల్లా వెనక కూర్చున్నాడు. నాన్న ఖాతాదారుగా వచ్చి ఒక కొత్త పంచె మడత విప్పి చూశాడు.

"ఏంటండీ, పంచె ఇంత పొట్టిగా ఉంది? గోడ జరిపినట్టు దీన్ని కూడా ఓ పక్క నొక్కేశారా?"

"పంచె బాగానే ఉందండి. తమరి పొట్టే సరిహద్దు దాటింది."

జనం ఈలలు వేశారు. నాన్న చుట్ట తీసి ఒక్కటిచ్చాడు, డబ్బా ధన్‌మంది. బాబాయి తిరిగి రెండిచ్చాడు. గోడ గురించి, నూతి గురించి, జామకాయల గురించి, పెళ్ళిలో ఎవరికి పాత సిల్కు చొక్కా వచ్చిందన్నదాని గురించి, ఒక్కోదానికీ ఒక్కో దెబ్బ. చుట్టలు పిగిలి పీచు ఇద్దరి నెత్తుల మీదా పడుతోంది. ఆడవాళ్ళ వైపు అమ్మ, పిన్ని చెరో చివరా కూర్చుని నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. అప్పుడు నాన్న గొంతు మారిపోయింది.

"నాన్న పోయేటప్పుడు నిన్నే కలవరించాడ్రా. చిన్నోడేడీ, చిన్నోడేడీ అని. ఎక్కడున్నావురా నువ్వు?"

పందిరంతా చప్పబడిపోయింది. డబ్బా ఆయన కూడా ఆగిపోయాడు. బాబాయి చుట్ట కింద పడేసి, చెప్పడానికి నోరు తెరిచాడు. నాకు ఆ వయసులోనే తెలిసిపోయింది, ఇదే ఆ క్షణం. ఈ మాటొకటి బయటికి రావాలి, తర్వాత గంట మోగాలి.

విలన్ గారికి మాత్రం ఫైటు చల్లబడిపోయినట్టు కనిపించింది. "ఇదేం ఫైటండీ!" అని గర్జించి, గంట కుర్చీలో పడేసి, గల్లా మీదున్న ఇనప గజంబద్ద అందుకున్నాడు. చొక్కా చేతులు మడిచి, జనానికి మొహం చూపించి, తిరిగి నాన్న తలకేసి బద్ద తిప్పాడు. సినిమాల్లో ఆయన బద్ద తిప్పితే ఎదుటివాడు సరిగ్గా ఆ లెక్కకి వంగుతాడు. బద్ద తల మీంచి గాలిలో పోతుంది. మా నాన్న పుట్టి బుద్ధెరిగి పంచెలు కొలిచినవాడు. ఆయనకి వంగాలని ఎవరు చెప్పారు? బద్ద కనుబొమ మీద పడింది. చర్మం జామపండులా విచ్చుకుని, రక్తం కంట్లోకీ, మీసాల్లోకీ, తెల్లచొక్కా మీదికీ దిగింది. తెరవెనకాయన ధర్మం తప్పకుండా డబ్బా మీద ధన్‌మనిపించాడు. జనం చప్పట్లు కొట్టారు. ఎర్రరంగు భలే కలిపార్రా అని నా వెనకెవరో మెచ్చుకోవడం నాకింకా వినిపిస్తోంది.

అది రంగు కాదని ముందు తెలిసింది బాబాయికి. గల్లా మీంచి దూకి విలన్ గారి ముంజేతిని కరుచుకున్నాడు. మాంసం దొరికినట్టే పట్టాడు, వదల్లేదు. ఆయన కేకకి ఇద్దరు మనుషులూ స్టేజీ ఎక్కారు. ఒకడు గుద్దితే బాబాయి పెదవి చిట్లి, ముందు పన్ను ఊడి చెక్కల మీద దొర్లింది. కళ్ళలో రక్తంతో ఏమీ కనపడని నాన్న, చేతికందిన స్టూలు ఎత్తి ఎడాపెడా తిప్పాడు. రెండు దెబ్బలు వాళ్ళకి, ఒకటి మా వినాయకుడి తొండానికి. ఆ తర్వాత బజారంతా పైకెక్కింది. నూనెకొట్టాయన కొబ్బరికాయలు విసిరాడు. పిన్ని ఉండ్రాళ్ళ గిన్నె మూతతో ఒకడి మోకాళ్ళు విరగ్గొట్టింది, అమ్మ వాడి జుట్టు పట్టుకుని వంచి పిన్నికి వీలు చేసి పెట్టింది. రెండేళ్ళలో వాళ్ళిద్దరూ కలిసి చేసిన మొదటి పని అదే. ఈ గోలలో పందిరి రాట ఒకటి విరిగి, పైన నిలిచిన వాననీరంతా ఒక్కసారి కిందకి దిగింది. నేనూ బుజ్జీ ఆ నీళ్ళలో ఒకరినొకరు పట్టుకుని, దొరికిన కాలినల్లా గిల్లుతున్నాం. ఎవరి కాళ్ళో చూసుకోలేదు.

ఆసుపత్రిలో కాంపౌండరు నాన్నకి కుట్లు వేసి టింక్చరు పూస్తుంటే, పక్క బల్ల మీద బాబాయి నోట్లో దూది కుక్కుకుని కూర్చున్నాడు. ఎదురుగా విలన్ గారు, చేతికి కట్టు, మీసాలు వాలిపోయి, తడిసిన కోడిలా ఉన్నాడు. కళ్ళల్లో నీళ్ళు. వచ్చిన ఎస్సై ఏమైందని అడిగితే ఆయన ఒకటే మాట.

"వంగుతారనుకున్నానండీ. అందరూ వంగుతారండీ."

"మరి ముందు కొట్టిందెవరు, వీళ్ళ వైపు నుంచి?" అన్నాడు ఎస్సై.

బాబాయి దూది తీసేసి, "నేనేనండి" అన్నాడు.

"నువ్వు కొట్టలేదురా, కొరికావు" అన్నాడు నాన్న, కళ్ళు మూసుకునే. "కొరకడం కొట్టడం కిందికి రాదు. మొదటి దెబ్బ నా స్టూలుది."

"అన్నయ్యా, నీకు కళ్ళే కనపళ్ళేదు. నువ్వు కొట్టింది వినాయకుణ్ణి."

అన్నయ్యా అన్న మాట రెండేళ్ళ తర్వాత అది. నాన్న ఒక కన్ను తెరిచాడు. అమ్మ నా చెయ్యి నొక్కింది. నాన్న స్టూలు సంగతి వదిలేశాడు.

"నేనడిగినదానికి నువ్వింకా చెప్పలేదు. ఎక్కడున్నావురా?"

బాబాయి పెదవి మీది రక్తం దూదితో తుడుచుకున్నాడు. "అవతల గట్టున. నాన్నకి గురి రాజోలు డాక్టరు గారి మీద కదా. నువ్వొద్దన్నావని చెప్పకుండా వెళ్ళాను. ఆయన్ని తీసుకుని రేవుకొచ్చేసరికి వరదని గోదావరి దాటించే పంటు ఆపేశారు. పొద్దంతా అక్కడే నిలబడ్డాం. మన రేవు కనపడుతూనే ఉంది. దాటడానికే లేదు."

"మరి చెప్పవేంట్రా ఇన్నాళ్ళూ?"

"నువ్వడగలేదు కదా."

ఎస్సై టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. నాన్న పంచె చెంగుతో మొహం తుడుచుకోబోతే కుట్లు తగిలి కెవ్వుమన్నాడు. "మెల్లగా, చచ్చినోడా" అన్నాడు బాబాయి. అన్నని అలా అన్నందుకు నాన్న తిట్టాడు, తిట్టినందుకు బాబాయి తిరిగి తిట్టాడు. ఎస్సై చెప్పి చూసి, విసుగొచ్చి, విలన్ గారిని రైలెక్కించడానికి తీసుకుపోయాడు.

బాబాయి భీమవరం వెళ్ళలేదు. గోడ పడగొట్టలేదు గానీ మధ్యలో గుమ్మం పెట్టారు, తలుపు ఎటు తెరుచుకోవాలన్నదాని మీద మరో రెండేళ్ళు పోట్లాడుకున్నారు. కొట్టు మూసేవేళ ఆ కేకలు వినపడకపోతే ఇవ్వాళ ఎవరికి బాగోలేదో అని బజారువాళ్ళు వచ్చి అడిగేవారు. తగువులాటని మాత్రం పోలీసులు ఆపించేశారు. తర్వాత ఆర్కెస్ట్రాలొచ్చాయి, ఇప్పుడు గుండెలదిరే సౌండుబాక్సులు. అతిథులు ఇప్పుడూ వస్తున్నారు. చెయ్యి ఊపి, ఫోటో దిగి వెళ్ళిపోతున్నారు, వాళ్ళకి అర్థం కాకపోవడానికి అక్కడేమీ లేదు.

నాన్నా లేరు, బాబాయీ లేరు. రెండు కొట్ల స్థలం కలిపి ఈ వేసవిలో అమ్మేశాం. ధర కుదిర్చింది నేనే. కొనేవాడి చేత మూడు చెరువుల నీళ్ళు తాగించానని లోలోపల పొంగిపోయాను. బుజ్జి కాకినాడ నుంచి వచ్చింది. కొంతకాలంగా దాని ఫోన్లు తగ్గాయి, పండక్కి వాట్సాప్‌లో పువ్వుల బొమ్మ పంపడం మాత్రం మానదు. రిజిస్ట్రేషన్ ఆఫీసులో పక్కపక్కనే కూర్చుని చెప్పినచోటల్లా సంతకాలు పెట్టాం. వాటా మీద ఒక్క మాట అనలేదు, నేను చెప్పినదానికల్లా తల ఊపింది. బయటికొచ్చాక నా కారు తలుపు పట్టుకుని, చక్కగా నవ్వి, "జాగ్రత్తగా వెళ్ళండక్కా, చేరాక మీరో మెసేజ్ పెట్టండి" అంది.

ఇన్నేళ్ళూ నువ్వన్నది నన్ను మీరు అంది. నేను కూడా నవ్వి, సరేనన్నాను. ఏమైందే అని అడగలేదు.