తాకట్టులో నా మొహం

తెలివితక్కువ పనులు రెండు రకాలు. ఎవరూ అడక్కుండా చేసేవి కొన్ని, అడిగితే చేసేవి కొన్ని. నాది మూడో రకం: అడగడం పూర్తవకముందే ఒప్పేసుకోవడం.

మా ఆవిడ తమ్ముడిది బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం. ఆ ఉద్యోగం ఇంట్లో కూర్చునైనా చేసుకోవచ్చని కంపెనీ వాళ్ళు చెప్పగానే, ఆ ఇల్లు మాదే అయుంటుందనుకుని చోడవరం వచ్చి మా మేడ మీద గదిలో దిగేడు. ఓ రోజు పొద్దున్న మెట్లు దిగి వచ్చి, "బావా, టోకెన్ వదుల్తన్నాను. నీ ఫొటో ఒకటి కావాలి" అన్నాడు.

నాకు తెలిసిన టోకెన్లు రెండే. మా చక్కెర ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో టీ కోసం ఇచ్చేది ఒకటి, చెరకు బళ్ళు వరస తప్పకుండా ఇచ్చేది ఒకటి. ఆ రెండింటికీ ఎవడి ఫొటో అక్కర్లేదు. ఆ మాత్రం అనుమానమైనా నాకు రావాలా వద్దా? రాలేదు.

"రిటైర్మెంటు రోజున తీసింది బావుంటుంది రా. దండ కూడా ఉంటుంది" అన్నాను.

"దండ వద్దు బావా. పోయేవనుకుంటారు."

అలా, ఏమిటో తెలుసుకోకుండానే, నా మొహాన్ని తాకట్టు పెట్టేసేను.

తరవాత చెప్పేడు. అది క్రిప్టో టోకెన్ట. ఫోన్లో తప్ప ఇంకెక్కడా కనపడని నాణెం. జనం కొనుక్కుంటారు, అమ్ముకుంటారు. ఇలాంటివి పుట్టించి, నలుగురూ డబ్బు పెట్టగానే ఊడ్చుకుపోయినవాళ్ళు చాలామంది ఉన్నారనీ, అందుకే నమ్మదగ్గ టోకెన్ ఒకటి తను చేసి చూపిస్తాననీ వాడి పట్టుదల. ఇష్టం వచ్చినన్ని కొత్తవి పుట్టించే వీలు వాడికి కూడా లేదు. వాడి వాటాకి తాళం. అమ్ముకోవాలనుకున్నవాళ్ళ కోసం విడిగా ఉంచిన సొమ్ముకి ఇంకో తాళం, అమ్మినవాళ్ళకి చెల్లించడానికి తప్ప ఏళ్ళ తరబడి దాన్ని ఎవరూ తియ్యలేరు. రాసిన ప్రోగ్రాం మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు.

"అన్నీ తాళాలే కదరా, మధ్యలో నేనెందుకు?" అన్నాను.

"ఆ తాళాలు ఇక్కడెవరికీ కనపడవు బావా. నువ్వు కనపడతావు."

కనపడ్డం అంటే, నేను సర్వీసంతా చెరకు కాటా దగ్గర గుమస్తాని. బళ్ళూ ట్రాక్టర్లూ తూచి బరువు రాయడం నా పని. రోలుగుంట నుంచి, దేవరాపల్లి నుంచి వచ్చే రైతులు "కాటాబాబు తూసేడంటే మళ్ళీ సూసుకోనక్కర్లేదు" అనేవారు. అది నా నిజాయితీ అని వాళ్ళనుకున్నారు. నిజానికి మోసం చెయ్యాలంటే రెండు లెక్కలు గుర్తుపెట్టుకోవాలి. నాకు ఒకటే కష్టం.

జంక్షన్లో ఫ్లెక్సీ లేచింది. దాని మీద నా మొహం, పక్కన ఓ చెరకు గడ. ఏది గడో ఏది నేనో పోల్చుకోడానికి నాకే కొంచెం సేపు పట్టింది. అందరికన్నా ముందు కొన్నది జంక్షన్లో టీ కొట్టు ఆసామి. "ఆ కంప్యూటర్ రాతలు మనకేటి తెలుస్తాయి బాబూ! తమరున్నారు, సాలు" అన్నాడు. ఆయన వెనక బెల్లం వర్తకుడు, ఆయన వెనక మరికొందరు. నమ్మకంలోంచి 'న' తీసేస్తే మిగిలేది అమ్మకం. ఆ 'న' అనే అక్షరం నేనేనని మా వాడు మహా సంతోషంగా చెప్పేడు. వాడి సంతోషం చూసి నేనూ సంతోషించేను. బోనులో ఎర ఎంత బావుందో ఎలక్కి చెప్పాలేటి?

మా ఊరికి ఓ పాత అలవాటుంది. చీటీల వ్యాపారం చేసినవాడు ఎవడైనా బోర్డు తిప్పేసి పారిపోయినప్పుడల్లా, మర్నాడు జనం అనుకునే మాట ఒక్కటే: "నిన్న టీకి రాలేదు. అప్పుడే అనుకున్నాను." అంటే మా ఊళ్ళో ఆడిట్ అంటే ఇదే. మనిషి పొద్దున్న టీకి వచ్చేడా, లేదా? వస్తే లెక్కలన్నీ సరిగ్గా ఉన్నట్టే. రాకపోతే ఎన్ని తాళాలున్నా ఒకటే.

టోకెన్ కొన్నవాళ్ళకి మా వాడు ఒక వాట్సాప్ గ్రూపు పెట్టేడు. టీ కొట్టు ఆసామి కొట్టు ముందు నాకో కుర్చీ వేసి, రోజూ పొద్దున్న నేను గ్లాసు ఎత్తగానే ఫొటో తీసి అందులో పెట్టేవాడు. "గుడ్ మార్నింగ్. కాటాబాబు ఉన్నారు." కింద వరసగా దణ్ణాలు. ఈ రకం నాణేల్లో 'ప్రూఫ్ ఆఫ్ వర్క్', 'ప్రూఫ్ ఆఫ్ స్టేక్' అని ఏవో పద్ధతులున్నాయని మా వాడు చెప్పేడు. మాది 'ప్రూఫ్ ఆఫ్ టీ'. మొదట్లో బాగానే ఉండేది. ఈ వయసులో రోజుకో ఫొటో ఎవరు తీస్తారు?

ఓసారి జ్వరం వచ్చి టీకి వెళ్ళలేదు. మధ్యాహ్నానికి టోకెన్ ధర జారింది. సాయంత్రానికి ఇంటినిండా జనం. బత్తాయిలు తెచ్చేరు, కొబ్బరి బొండాలు తెచ్చేరు. ఒక్కరు కూడా జ్వరం ఎంతుందని అడగలేదు. గుమ్మం దగ్గర నా చెప్పులు చూసేరు, మంచం మీద నన్ను చూసేరు, తేలిగ్గా ఊపిరి తీసుకుని వెళ్ళిపోయేరు. బెల్లం వర్తకుడు మాత్రం నా చెయ్యి పట్టుకుని, "రేపైనా ఓసారి రండి బాబూ, కుర్చీ మీద మోసుకెళ్తాం" అన్నాడు. వెటకారం కాదు. మర్నాడు నిజంగానే కుర్చీ వచ్చింది.

ఇంకోసారి మాడుగుల హల్వా మీదకి మనసు పోయి బస్సెక్కేను. బస్సు కదలకముందే ఫోను. టీ కొట్టు ఆసామి.

"బాబూ, మాడుగుల బస్సు ఎక్కేరట?"

"అవునయ్యా. హల్వాకి."

"మాడుగుల దాటితే ఏజెన్సీ కొండలు, కొండలు దాటితే ఒడిశా..."

"నాకు హల్వా దాటితే ఇంకేం అక్కర్లేదయ్యా!"

"తమరి మీద నాకు నమ్మకమే బాబూ. గ్రూపులోవోళ్ళే గోల పెడతన్నారు. హల్వా నేను తెప్పిస్తాను, దిగిపోండి."

దిగిపోయేను. హల్వా వచ్చింది. నోట్లో పెట్టుకుంటే తీపి తగల్లేదు. తాళం వేసిన గదిలోకి కిటికీలోంచి పెట్టిన తిండిలా అనిపించింది. ఆ రోజు అర్థమైంది, మా వాడు వేసిన తాళాల్లో అసలుది నేనేనని. తాళానికి ఉన్న చిక్కేమిటంటే, అది కాపలా కాసే తలుపుని వదిలి ఎటూ వెళ్ళలేదు.

టోకెన్ మోసమై ఉంటే ఏనాడో బయటపడేవాణ్ణి. నలుగురూ తిట్టేవారు, నేను ఏడ్చేవాణ్ణి, అయిపోయేది. కానీ మా వాడు చెప్పినవన్నీ నిజాలు. టోకెన్ బంగారం. దానికి మట్టిబొమ్మని నేను.

ఇదంతా నా ఒక్కడితో పోయేదైతే ఇంత బాధ ఉండేది కాదు. పెళ్ళైన దగ్గర్నుంచి మా ఆవిడ నన్ను అడిగింది ఒక్కటే. కాశీ. చలికాలంలో అయితే అక్కడ బావుంటుందంటారు. చలికాలమంతా చెరకు ఆడే సీజను. ప్రతి ఏడూ ఆవిడ కాశీ అనడం, నేను కాటా అనడం. రిటైరయ్యాక వచ్చిన మొదటి చలికాలానికి టిక్కెట్లు తీసి ఆవిడ చేతిలో పెట్టేను. ఆవిడ వాటిని దేవుడి పటం వెనక దాచుకుంది. సంగతి గ్రూపుకి తెలిసింది. "కాశీకి పోయినవాడు కాటికి పోయినవాడు" అని సామెత కదా, దాన్ని ఎవరో గ్రూపులో పెట్టేరు. అంతే. ధర కాటికి పోయింది.

టిక్కెట్లు రద్దు చేయించేను. ఆవిడ సర్ది ఉంచిన సంచీలోంచి నా స్వెట్టర్ తీసి మడత పెట్టి బీరువాలో పెట్టేసింది. తిట్టి ఉంటే బావుండేది.

అదే వారం మా బావమరిది గోవా వెళ్ళేడు. వాడి మొహం ఎవరికీ తెలీదు కదా, ఎక్కడికైనా వెళ్ళొచ్చు. సముద్రం ఒడ్డున కొబ్బరి బొండంతో ఫొటో పంపేడు. కింద "మిస్ యూ బావా" అని రాసేడు.

తిరిగొచ్చాక అడిగేను. "ఒరే, నన్ను ఇందులోంచి తీసెయ్యడానికి ఏటైనా దారుందా?"

"కష్టం బావా. ఇందులో ఒకసారి రాసింది వెనక్కి తియ్యలేం. అదే దీని గొప్పతనం."

వంటింట్లో ఉన్న మా ఆవిడ ఆ మాట విన్నట్టుంది. మర్నాడు పొద్దున్న నాతోపాటు జంక్షన్‌కి వచ్చింది. నేను గ్లాసు ఎత్తేను, టీ కొట్టు ఆసామి ఫోను ఎత్తేడు. ఆవిడ మధ్యలోకి వచ్చి నిలబడింది.

"ఆయన పారిపోతారని కదా మీ భయం? అయితే మీరూ రండి. అందరం కలిసే వెళ్దాం కాశీకి. ఈయన్ని కళ్ళారా చూసుకుంటూ గంగలో మునగొచ్చు."

అక్కడున్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "అమ్మగారు సెప్పింది నేయమే" అన్నాడు బెల్లం వర్తకుడు. "పుణ్యానికి పుణ్యం, కాపలాకి కాపలా."

అలా వెళ్ళేం. విశాఖపట్నంలో రైలెక్కిన దగ్గర్నుంచి, బాత్రూంకి లేచినవాడల్లా నా బెర్తు మీదుగా వెళ్ళేవాడు. దారి అటు కాకపోయినా సరే. నేను లేస్తే టీ కొట్టు ఆసామి కూడా లేచి, "నాకూ వస్తంది బాబూ" అని బాత్రూం తలుపు బయట నిలబడేవాడు. మా ఆవిడ మాత్రం కిటికీ దగ్గర కూర్చుని కదిలే పొలాల్ని చూస్తూ ఉండిపోయింది. ఆవిడకి ఎవరి కాపలా కనపడలేదు.

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకిష్టమైనది ఏదో ఒకటి అక్కడ వదిలేసి రావాలి కదా. ఘాట్ మీద తెలుగు పురోహితుడు ఒకాయన అందరి చేతా సంకల్పం చెప్పించేడు. మా ఆవిడ జామపండు వదిలేసింది. బెల్లం వర్తకుడు కాకరకాయ వదిలేసేడు. ఆయన కాకరకాయ తినగా ఈ జన్మలో ఎవరూ చూడలేదు. టీ కొట్టు ఆసామి ఓ చేత్తో ఫోను పట్టుకుని గ్రూపుకి వీడియో తీస్తూ, రెండో చేత్తో పొట్లకాయ వదిలేడు.

"మీరు ఏం వదులుతున్నారండీ?" అని పురోహితుడు నన్నడిగేడు.

"వదిలింది మళ్ళీ పట్టుకోవచ్చాండీ?"

"అదేం మాట! గంగ సాక్షిగా ఒకసారి అన్నాక వెనక్కి తీసుకోడానికి లేదు. మీ చేత పట్టించినవాళ్ళకి కూడా పాపమే."

వెనక్కి తియ్యలేం. అదే దీని గొప్పతనం.

దోసిట్లో నీళ్ళు తీసుకున్నాను. "టోకెన్ మీద నా మొహాన్నీ, జంక్షన్లో నా కుర్చీనీ, పొద్దున్న ఫొటోనీ వదిలేస్తన్నాను. అవన్నీ నా బావమరిదికి చెందుగాక" అని గట్టిగా, ఫోనుకి వినపడేలా అని, నీళ్ళు వదిలేసేను.

టీ కొట్టు ఆసామి ఫోను కిందకి దించేడు. బెల్లం వర్తకుడు లెంపలేసుకున్నాడు. గంగలో వదిలినదాన్ని తిరిగి నాకు అంటగట్టే ధైర్యం ఎవరికుంది?

మెట్లెక్కుతుంటే మా ఆవిడ నెమ్మదిగా, "మా తమ్ముణ్ణే వదిలేస్తానంటారేమోనని భయపడ్డానండీ" అంది.

"వాణ్ణి గంగ కూడా తీసుకోదులే."

మేం వచ్చేసరికి ఫ్లెక్సీ మారింది. పొద్దున్నే మా వాడు నిద్రమొహంతో, నా కుర్చీలో, చేతిలో టీ గ్లాసుతో. "గుడ్ మార్నింగ్. బావమరిది ఉన్నారు." కింద వరసగా దణ్ణాలు. గ్రూపులో నేనూ ఉన్నాను. ఫొటో ఇచ్చినందుకు మొదట్లో మా వాడు నాకూ కాసిని టోకెన్లు ఇచ్చేడు. అంటే నేనూ ఓ కొన్నవాడి కిందే లెక్క. రోజూ నా దణ్ణం నేనూ పెడుతున్నాను.

మొన్న మాడుగుల బస్సెక్కి కిటికీ దగ్గర కూర్చున్నాను. చూస్తే బస్టాండులో అనకాపల్లి బస్సు పక్కన మా వాడు. టోపీ, మాస్కు, చేతిలో చక్రాల పెట్టె. నన్ను చూసి పరిగెత్తుకొచ్చేడు.

"బావా, నీకు దణ్ణం పెడతాను. ఫ్రెండు పెళ్ళి, రెండ్రోజుల్లో వచ్చేస్తాను. గ్రూపులో పెట్టకు."

"నేనెందుకు పెడతాన్రా" అన్నాను. నిజంగా పెట్టకూడదనే అనుకున్నాను. ఇంతలో బస్సు కదిలింది. వెనక్కి తిరిగి చూస్తే వాడు మాస్కు కిందకి లాగి చెయ్యి ఊపుతూ, గోవా ఫొటోలో నవ్విన నవ్వే నవ్వుతున్నాడు.

ఫొటో తీసి గ్రూపులో పెట్టేను. "బావమరిది బస్టాండులో ఉన్నారు. చేతిలో పెట్టె ఉంది." పెళ్ళి సంగతి రాయలేదు. కాటా గుమస్తా బరువు రాస్తాడు గానీ, బండి ఎక్కడికి వెళ్తోందో రాయడు.

ఊరు దాటుతుంటే టీ కొట్టు ఆసామి మోటారుసైకిలు ఎదురొచ్చి బస్టాండు వైపు దూసుకుపోయింది. వెనక బెల్లం వర్తకుడు, ఓ చేత్తో పంచె పట్టుకుని.

మాడుగులలో హల్వా ఇంకా వేడిగా ఉంది. కొట్టు ముందు నిలబడే తిన్నాను. ఎవరూ ఫొటో తియ్యలేదు.