యూసుఫ్‌గూడ వెళ్ళిన నా వెండి టీ జాలి

ముందే చెప్పేస్తున్నా, నా వస్తువు నాకు తిరిగి రాలేదు. పైగా ఇంకోటి కూడా పోయింది. ఆ షాక్‌లోంచి నేనింకా బయటపడలేదు.

మీకు తెలుసుగా నా పిచ్చి, పాత వెండి టీ సామాను. ఎవరింట్లోనైనా పాత చెంచా కనపడితే చాలు, తిరగేసి ముద్రలు వెతుకుతాను. నెల కిందట పాతబస్తీలో పాత సామాన్ల కొట్టాయన ఫోన్ చేసి, "సాబ్, మీ కోసం ఒకటి దాచిపెట్టిన" అన్నాడు. వెళ్ళి చూస్తే, కప్పు మీద పెట్టి టీ వడగట్టుకునే వెండి జాలి. అరచేతిలో ఇమిడే గిన్నె, అటూ ఇటూ రెండు చెవులు, అడుగున పువ్వు ఆకారంలో సన్నటి చిల్లులు. ఏ దొరసాని టీ బల్ల మీదిదో ఏమో. పాత వెండికి పట్టే నల్లని నీడ కూడా అలాగే ఉంది. నాలాంటివాళ్ళు చచ్చేది ఆ నీడ కోసమే. కొనేశాను.

సమస్యల్లా లలితతో. మా ఆవిడ దృష్టిలో వెండి అంటే కంచం, దీపపు కుందులు, కుంకుమ భరిణె, అంతే. "స్టీలు జాలి టీ వడగట్టనంటుందా ఏంటి? ఇంకొక్క ముక్క ఇంట్లోకి తెచ్చారంటే, ఉన్నవన్నీ పంజాగుట్ట షాపుకి తీసుకెళ్ళి కంచాలకి మార్చి పారేస్తా" అని అంతకు వారం ముందే చెప్పేసింది. అన్నంత పనీ చేసే మనిషి. అందుకని జాలిని పంజాగుట్ట వెండి షాపు వాళ్ళ ఎర్ర వెల్వెట్ డబ్బాలో పెట్టి, బీరువాలో చీరల వెనక దాచాను. ఆవిడ చీరల వెనక. నా తెలివి చూడండి.

మొన్న ఆదివారం యూసుఫ్‌గూడలో రామచంద్రం గారి కొత్త ఫ్లాట్ గృహప్రవేశం. ఆయన లలిత ఆఫీసులో సూపరింటెండెంట్‌గా రిటైరయ్యారు. ఆవిడకి తండ్రి లెక్క. వాళ్ళకివ్వడానికి లలిత ఒక కుంకుమ భరిణె కొనిపెట్టింది. అదే షాపు, అదే ఎర్ర డబ్బా, అదే బీరువా. నేను ఒక పెళ్ళికి వెళ్ళడంతో, ఆవిడే వెళ్ళి ఇచ్చొచ్చింది.

సోమవారం పొద్దున ఆవిడ స్నానానికి వెళ్ళగానే, నా జాలిని ఒక్కసారి చూసుకుందామని డబ్బా తెరిచాను. లోపల కుంకుమ భరిణె. మూసి మళ్ళీ తెరిచాను. కుంకుమ భరిణే. అంటే యూసుఫ్‌గూడ వెళ్ళింది నా జాలి.

ఆఫీసుకని చెప్పి, భరిణె డబ్బా సంచిలో వేసుకుని బండి తీశాను. ఆవిడకి తెలిసేలోపు మార్చుకొచ్చేయాలి, లేకపోతే నా సామానంతా పంజాగుట్టే. అమీర్‌పేట సిగ్నల్ దగ్గర ఒకమ్మాయి ఏదో కంప్యూటర్ కోర్సు కాగితం చేతిలో పెట్టి "జాబ్ గ్యారంటీ సార్" అంది. నా మొహం అంత దీనంగా ఉంది కాబోలు.

తలుపు తీసింది రామచంద్రం గారే. పట్టుపంచె, నుదుటి మీద విభూతి.

"రా తమ్మీ, మంచి టైంకొచ్చినవ్. అభిషేకం నడుస్తున్నది. జర కాళ్ళు కడుక్కొని రా."

పూజగదిలో చిన్న శివలింగం. దాని మీద, పసుపు దారంతో రెండు చెవులూ కట్టి వేలాడదీసిన గిన్నెలోంచి సన్నగా నీళ్ళు పడుతున్నాయి. అంత తళతళలాడే వస్తువు నాది కాదులే అనుకున్నాను. తర్వాత అడుగున పువ్వు కనిపించింది. చింతపండు వేసి తోమేశారు. వందేళ్ళ నీడ ఒక్క పూటలో పోయింది.

"గీ రోజులల్ల ధారపాత్ర ఎవలిస్తున్నరు తమ్మీ?" అన్నారాయన. "అందరు కుంకుమ భరిణెలే. ఇల్లంత అవే. లలితమ్మ ఒక్కతే నా మనసు తెలుసుకొని తెచ్చింది. పూజ చేయించిన అయ్యగారు సుత మెచ్చుకున్నరు."

సంచిలో భరిణె బరువెక్కింది.

"అంకుల్, అది అసలు..." అన్నాను.

"ఏంది తమ్మీ?"

ఇంటిల్లిపాదీ చేతులు జోడించి నా వైపే చూస్తున్నారు.

"పాతదండీ" అన్నాను.

"పాతదైతేనే మంచిది. ఏదో గుళ్ళెదై ఉంటది."

ఆఖరి ప్రయత్నంగా భరిణె బయటికి తీసి, "మేం ఇవ్వాలనుకున్నది ఇదండీ" అన్నాను. ఆయన భార్య సుశీలమ్మ గారు చప్పున అందుకున్నారు. "అయ్యో, ఒకటి ఇచ్చిండ్రు గద, మల్ల గిదెందుకు?" అంటూనే దాన్నిండా కుంకుమ పోసి దేవుడి ముందు పెట్టేశారు. అంతటితో ఆగలేదు. లలితకి ఫోన్ కలిపి, రెండిటికీ కలిపి థాంక్స్ చెప్పి, ఫోన్ నాకిచ్చారు.

అవతల లలిత నెమ్మదిగా అడిగింది.

"ధారపాత్ర అంటున్నారు. మనింట్లో ధారపాత్ర ఎక్కడిదండీ?"

"అదే, ఆ... చిల్లులున్నది" అన్నాను.

"చిల్లులున్నదా." అర్థమైపోయింది ఆవిడకి. "సరే. సాయంత్రం పంజాగుట్ట వెళ్దాం, త్వరగా రండి" అని పెట్టేసింది.

ఇక్కడ రామచంద్రం గారు నా భుజం పట్టి కూర్చోబెట్టారు. "తెచ్చినోళ్ళు మీరు. పంచామృతం నీ చేతులతోనే పొయ్యాలె." పోశాను. నా జాలిలో నేనే పాలు పోశాను, పెరుగు పోశాను, పంచదార వేశాను. ఆయన మంత్రం చదువుతుంటే నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అది చూసి ఆయన సుశీలమ్మ గారితో, "చూసినవా, పిల్లగాడు ఎంత భక్తిపరుడో" అన్నారు.

తర్వాత నా దోసిట్లో తీర్థం పోశారు. కొన్నాక ఆ జాలిలో వడగట్టింది నేను తాగడం అదే మొట్టమొదటిసారి. నిజం చెప్పాలంటే బాగానే ఉంది. పాలున్నాయి, పంచదార సరిపోయింది. టీపొడి ఒక్కటే తక్కువ.