సూది గుచ్చుకున్న వేలు

కర్నూలులో నర్సుగా చేరిన రెండో ఏడు, ఒక ఉదయం, సూది నా ఎడమ చూపుడు వేలికి గుచ్చుకుంది. మంచం మీద ఉన్నది నందికొట్కూరు నుంచి వచ్చిన లారీ డ్రైవరు. అతనికి హెచ్‌ఐవి ఉందని వార్డులో అందరికీ తెలుసు. రక్తం తీసి సూది బయటికి లాగుతుంటే నొప్పికి చెయ్యి విదిలించాడు. గ్లవ్ లోపల ఎర్రటి చుక్క కనబడింది.

కుళాయి కింద వేలు పెట్టి అలాగే నిలబడిపోయాను. హెడ్ సిస్టర్ వచ్చి కుళాయి కట్టేసి, నన్ను డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. జబ్బు అంటుకోకుండా నెల రోజులు మాత్రలు మింగాలన్నారు. ఆఖరి రక్తపరీక్ష ఆర్నెల్లకు.

మాత్రలకు కడుపులో తిప్పేది. హాస్టల్లో నా గ్లాసు, కంచం వేరుగా పెట్టుకున్నాను. అలా అంటుకోదని చదువుకున్నదాన్నే. రాజంపేట నుంచి అమ్మ ఫోన్ చేసి పెళ్లి మాటెత్తితే డ్యూటీకి టైమైందని పెట్టేసేదాన్ని.

అంతకుముందు ఎంత సన్నని నరమైనా ఒక్కసారికే దొరికేది. ఇప్పుడు మామూలు జ్వరంతో వచ్చిన ముసలమ్మకైనా సూది వెయ్యమని పక్క సిస్టర్‌కు ఇచ్చేసేదాన్ని. దుప్పట్లు మార్చే పని, మందులు సర్దే పని అడిగి మరీ తీసుకునేదాన్ని. ఆ డ్రైవరున్న మంచాల వరసలోకి మాత్రం పోలేదు.

ఒక మధ్యాహ్నం అతని భార్య నన్ను వరండాలో ఆపింది.

“సిస్టరమ్మా, మా ఆయన నిన్నట్నించి సూది ఏయించుకోనంటాండాడు. సెలైను గూడ వొద్దంట.”

“ఎందుకంట?”

“నీకు తగిలినట్టు ఇంగో బిడ్డకు తగుల్తాదని శానా భయపడతాండాడు. నువ్వొచ్చి చెప్తే ఇంటాడేమో.”

నా భయంలో పడి అతని గురించి ఆలోచించనే లేదు. ఆమె వెనకే వెళ్లాను. నన్ను చూడగానే అతను చెయ్యి దుప్పట్లో దాచుకున్నాడు. పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి.

“దగ్గరికి రావాకమ్మా,” అన్నాడు.

“నాకు గూడ భయంగానే ఉండాదన్నా. నువ్వు కదలకుండ ఉండు, చాలు.”

రెండు జతల గ్లవ్స్ వేసుకున్నాను. భార్య అతని మోచెయ్యి అదిమిపట్టుకుంది. మొదటిసారి నరం దొరకలేదు. చెమట కంట్లోకి కారుతోంది, తుడుచుకునే వీల్లేదు. రెండోసారి దొరికింది. అతను కళ్లు తెరవకుండానే, “అయిపోయిందామ్మా? నీకేం గాలేదు గదా?” అని అడిగాడు. లేదన్నాను. అప్పుడు కళ్లు తెరిచాడు.

మరుసటి వారం హెడ్ సిస్టర్ ఆ వరస డ్యూటీ నాకే వేసింది. మార్చమని నేను అడగలేదు.

అతను కోలుకుని ఇంటికి పోయాడు. తర్వాతి సంగతి తెలియదు. నా ఆఖరి పరీక్షలో ఏమీ లేదని వచ్చిన రోజు బస్సెక్కి రాజంపేట వెళ్లి, అమ్మకు అంతా చెప్పాను. “ఆ పని ఇడిసిపెట్టు, ఈడనే ఉండు” అని ఏడ్చింది. రెండు రోజులుండి తిరిగొచ్చాను. ఇప్పటికీ సూది మూత తీసేటప్పుడు ఊపిరి బిగబట్టుకుంటాను.