బాపు క్రీము సీసా

మా పాప నేల మీద దొర్లిస్తున్న తెల్లటి గాజు సీసాను, మూత ఎక్కడ నోట్లో పెట్టుకుంటుందోనని భయపడి లాక్కున్నాను. అమ్మ ఇన్నేళ్లూ సూదులూ గుండీలూ దాచుకుని, మొన్న నాకిచ్చిన సీసా అది. మూత తీస్తే గులాబీ వాసన ఇంకా సన్నగా తగిలింది. ఆ వాసన మీద నాకు ఇప్పటికీ నమ్మకం లేదు.

గోదావరిఖనిలో మా క్వార్టర్ల వరసలో పొద్దున్నే ప్రతి గడప ముందూ బొగ్గుల పొయ్యి రాజుకునేది. ఆ పొగ ఆరేసిన బట్టల్లోకీ, బతుకమ్మకు తెచ్చిన తంగేడు పూలలోకీ, చివరికి నైవేద్యానికి చేసిన మలీద ముద్దల్లోకీ చేరేది. ఒక బతుకమ్మకు అమ్మకు చీర తెస్తానని కరీంనగర్ వెళ్లిన బాపు ఈ క్రీము సీసాతో తిరిగొచ్చాడు. ముసలితనం కనబడనివ్వదని దుకాణంవాడు చెప్పాడట. తెచ్చింది అమ్మకు కాదు. గని నుంచి రాగానే ముఖం తోముకుని, అద్దం ముందు కూర్చుని, కళ్ల కింద ముడతలకు తనే రాసుకునేవాడు.

అమ్మ కొన్నాళ్లు ఊరుకుని, తర్వాత బాపు చొక్కాలు వాసన చూడటం మొదలుపెట్టింది. బాపు డ్యూటీకి వెళ్తుంటే నేను మలుపు దాకా వెనకే నడిచి, ఎటు తిరిగాడో చూసొచ్చి చెప్పేదాన్ని.

ఒకరోజు అన్నం పెడుతూ అడిగేసింది. "ఎవ్వతె కోసమయ్యా గీ సోకు?"

"డాక్టరు కోసం," అన్నాడు బాపు తలెత్తకుండా.

"డాక్టరమ్మనా?"

"మొగాయనే, గని దవాఖానల. నేనెప్పుడు పుట్టిన్నో మా అవ్వకే యాదిలేదు. ఆయన మొకం జూసి వయసు రాస్తడట. ముసలోడని రాసిండనుకో, నౌకరి దీసి జల్ది ఇంటికి తోలుతరు."

దవాఖానకు వెళ్లే పొద్దున అమ్మే దట్టంగా రాసింది. "ఇంకింత పెట్టు," అన్నాడు బాపు. పొయ్యిల పొగలోంచి, బొగ్గు లారీల వెంట నడిచి వెళ్లాడు. తిరిగొచ్చేసరికి ఆ జిడ్డుకు అంటిన దుమ్ము ప్రతి ముడతలోనూ దిగి, ఎవరో పెన్సిలుతో గీసినట్టుంది. అమ్మ కొంగుతో తుడవబోయింది.

"ఇప్పుడెందుకు? ఆయన జూసిండు గదా."

తోటివాళ్లందరికంటే ముందే బాపును ఇంటికి పంపారు.

నేనిప్పుడుంటున్న పెద్దపల్లిలో కిరసనాయిలు స్టవ్వు మీద వంట. ఆ పొగ లేదు, గడప గడపకూ పొయ్యి లేదు. నిన్న బాపు ఎత్తుకుంటే పాప ఆ చెంపల మీద వేలితో గీతలు గీస్తూ నవ్వింది. గని మానేశాక బొగ్గు వదిలిన ఆ ముఖం, డాక్టరు ఆనాడు రాసిన వయసుకు ఇంకా చేరనేలేదు.